చర్చి మానేసినా ఆ తెల్ల బట్టలు ఎందుకు మానలేదు? మోర్మన్ గార్మెంట్స్ గురించి ఒక భార్య అడిగిన ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. మీవారు అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోర్మన్ కుటుంబంలో పుట్టి పెరిగారు. (మోర్మన్లు అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు.) మూడేళ్ల కిందట చర్చి మానేశారు. పోయినేడాది సభ్యత్వం నుంచి పేరు కూడా తీయించుకున్నారు. ఇప్పుడు ఆ చర్చి వద్దనే కాఫీ కూడా పొద్దున్నే మీతో కూర్చుని తాగుతారు, ఆదివారం మీతో కొండలెక్కడానికి వస్తారు. అయినా వారంలో నాలుగు రోజులు లోపల ఆ తెల్ల గార్మెంట్సే, అంటే ఆ మతం వేసుకోమనే లోదుస్తులే. విమానం ఎక్కే రోజైతే తప్పనిసరి. ఉతికిన వాటిలో ఒకటి నేల మీద పడితే గబుక్కున అందుకుంటారు. చిరిగిపోయినవి నాలుగు మీరు చెత్తబుట్టలో వేస్తే, పెళ్లయ్యాక మొదటిసారి మీ మీద అరిచారు. "ఇంకా నమ్ముతున్నాడా? మళ్లీ వెనక్కి పోతాడా? అవి ఉన్న డ్రాయర్ సొరుగు నేనేం చేయను? మావాళ్ల బట్టలతో కలిపి ఉతకొచ్చా? ఇది మా నాన్నగారి జంధ్యం లాంటిదేనా?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వేసుకుంటున్నారు కాబట్టి నమ్ముతున్నారని అనుకోకండి. నమ్మకం పోయాక కూడా నెలల తరబడి, ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. వెనక్కి వెళ్తారా లేదా అన్నది ఆ బట్టలు చూసి తేల్చే విషయం కాదు. డ్రాయర్ జోలికి మీరు వెళ్లొద్దు. మానేయమనీ అడగొద్దు, వేసుకోమనీ చెప్పొద్దు. చెత్తబుట్టలో వేసినందుకు మాత్రం ఒకసారి సారీ చెప్పండి. మీ తప్పు పెద్దదని కాదు, ఎందుకు చెప్పాలో కింద రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. మాది నెల్లూరు. సాల్ట్ లేక్ లోయలో పద్దెనిమిదేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. నేను మోర్మన్‌ని కాదు, ఎప్పుడూ కాలేదు. బహుశా అందుకే చర్చి వదిలేసినవాళ్లు, వదలాలా వద్దా అని నలిగిపోతున్నవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఇక్కడ ఊళ్లో సగం మంది ఒకరికొకరు చుట్టాలు. బయటి మనిషితో చెప్పుకుంటే మాట బయటికి పోదని వాళ్ల ధైర్యం. కింద చెప్పిన మనుషుల వివరాలన్నీ మార్చాను.

ఈ విషయం తెలియని మిగతా పాఠకుల కోసం కొంచెం నేపథ్యం. గార్మెంట్స్ అంటే చర్చి సభ్యులందరూ వేసుకునేవి కావు. టెంపుల్ లోపల "ఎండోమెంట్" అనే తంతు జరిగినవాళ్లకే ఇస్తారు. టెంపుల్ అంటే ఆదివారం వెళ్లే చర్చి కాదు, అనుమతి ఉన్న సభ్యులకే ప్రవేశం ఉన్న ప్రత్యేక మందిరం. (మన దేవాదాయ శాఖకీ దీనికీ సంబంధం లేదు. నేను కొత్తలో ఆ మాట వినగానే తిరుమల హుండీ గుర్తొచ్చింది.) సాధారణంగా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో మిషన్‌కి, అంటే మత ప్రచారానికి, బయల్దేరే ముందో, లేకపోతే పెళ్లి ముందో ఆ తంతు జరుగుతుంది. ఆ రోజు నుంచి జీవితాంతం, పగలూ రాత్రీ, వాటినే లోదుస్తులుగా వేసుకోవాలి. స్నానం, ఈత, ఆటలు, భార్యాభర్తల ఏకాంతం లాంటి వాటికి మినహాయింపు. పైది భుజాలు కప్పే బనియన్ లాంటిది, కిందిది మోకాలిదాకా వచ్చేది. రొమ్ముల మీద రెండు, బొడ్డు దగ్గర ఒకటి, కుడి మోకాలి మీద ఒకటి, చిన్న గుర్తులు కుట్టి ఉంటాయి. దేవుడికి ఇచ్చిన మాటకు అవి జ్ఞాపకాలు.

ఇది 1842లో ఇల్లినాయ్‌లోని నావూ పట్టణంలో, చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ కాలంలో మొదలైంది. అప్పట్లో మణికట్టు నుంచి చీలమండ దాకా ఒకే పొడుగు బట్ట. 1923లో చేతులు, కాళ్లు పొట్టి చేశారు, నాడాల బదులు బొత్తాలు పెట్టుకోనిచ్చారు. 1979లో పైదీ కిందదీ విడివిడిగా రెండు ముక్కలయ్యాయి. 2024లో వేడి ప్రాంతాల కోసం చేతుల్లేని పై బట్ట వస్తోందని చర్చి ప్రకటించింది. ఈ చివరి మార్పు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇక మీ జంధ్యం పోలిక. సగం కుదురుతుంది. సంధ్యావందనం ఎప్పుడో మానేసి, జంధ్యం మాత్రం అమ్మ బాధపడుతుందని ఉంచుకున్నవాళ్లు మనకు ఇంటికొకరు ఉంటారు. కానీ జంధ్యం చొక్కా విప్పితే అందరికీ కనిపిస్తుంది, కనిపించడంలో తప్పు లేదు. గార్మెంట్స్ బయటివాళ్లకు కనిపించకూడదు, వాటి గురించి మాట్లాడకూడదు అనే పద్ధతిలో వీళ్లు పెరుగుతారు. చర్చి తనంతట తాను ఒక వీడియోలో వాటిని మామూలుగా చూపించి వివరించింది 2014లో. అంతకుముందు దాకా బయటి ప్రపంచానికి తెలిసిందల్లా వెటకారమే. 2012లో మోర్మన్ అయిన మిట్ రోమ్నీ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు టీవీల్లో "మ్యాజిక్ అండర్‌వేర్" జోకులు ఎన్ని పేలాయో! దయచేసి మీ తెలుగు స్నేహితుల దగ్గర ఆ జోకు వేయనివ్వకండి. మీవారు నవ్వేస్తారు. లోపల గుచ్చుకుంటుంది.

నాకు జంధ్యం కన్నా దగ్గరగా అనిపించే పోలిక ఇంకొకటి ఉంది. పుస్తకానికి కాలు తగిలితే మీరేం చేస్తారు? గుడికి వెళ్లనివాళ్లు, దేవుడు లేడని వాదించేవాళ్లు కూడా చప్పున వంగి కళ్లకద్దుకుంటారు. మా నాన్న కమ్యూనిస్టు. ఆయన కూడా అద్దుకునేవాడు. అడిగితే "అలవాటు" అనేవాడు, కాస్త సిగ్గుపడుతూ. గార్మెంట్స్ నేలకు తగలకూడదని వీళ్లకు చాలా ఇళ్లలో నేర్పుతారు. మీవారు గబుక్కున అందుకోవడం అదే. బుర్ర వదిలేసినంత త్వరగా చెయ్యి వదలదు.

అసలు చిక్కు: వేసుకోవడానికి తంతు ఉంది, తీసేయడానికి లేదు. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఇదొక్కటే. మన అయ్యప్ప భక్తులు మాల వేసుకునేటప్పుడు గురుస్వామి ఉంటాడు, తీసేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంటుంది. దీక్ష ముగిసిందని మనిషికి ఒంట్లో తెలుస్తుంది. గార్మెంట్స్ వేసుకున్న రోజు టెంపుల్‌లో తెల్లబట్టల్లో అమ్మానాన్న పక్కన ఉంటారు, కడిగి నూనె రాసి ఆశీర్వదిస్తారు, అందరి కళ్లలో నీళ్లు. తీసేసే రోజు? మంగళవారం పొద్దున బాత్‌రూమ్‌లో ఒంటరిగా నిలబడి ఉంటారు. పేరు తీయించుకుంటే చర్చి నుంచి ఒక ఉత్తరం వస్తుంది, అంతే. ఆ ఉత్తరంలో లోపలి బట్టల సంగతి ఉండదు కదా. ఎప్పుడు మానాలో, ఎలా మానాలో ఎవరూ చెప్పరు. అందుకే ఎవరి తంతు వాళ్లే కనిపెట్టుకుంటారు. కొందరు కనిపెట్టుకోలేక అలాగే కొనసాగుతారు.

ఒకావిడ, నలభై దాటిన టీచర్, నమ్మకం పూర్తిగా పోయి నాలుగేళ్లు. గార్మెంట్స్ పారేయాల్సి వస్తే ఆ నాలుగు గుర్తులను కత్తిరించి నాశనం చేయాలి, మిగిలిన బట్టను గార్మెంట్ అని గుర్తుపట్టకుండా ముక్కలు చేసి పారేయొచ్చు. ఇది చర్చి చెప్పే పద్ధతి. ఆవిడ ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని, ముప్పై జతల నుంచి ఒక్కో గుర్తూ చిన్న కత్తెరతో కత్తిరించి, పెరట్లో గ్రిల్ మీద కాల్చింది. "నమ్మకం లేనప్పుడు ఎందుకు ఇంత శ్రమ?" అని ఆవిడ భర్త అడిగాడట. "వీటిని నాకు మొదటిసారి కొనిచ్చింది అమ్మ" అందట ఆవిడ. మిగిలిన గుడ్డతో ఇప్పటికీ కారు తుడుస్తుంది. మీరు ఆ నాలుగింటినీ చెత్తబుట్టలో వేసినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది అనుకుంటాను. ఆయన చేసుకోవాల్సిన పని మీరు చేసేశారు, అదీ గుర్తులతో సహా.

ఇక విమానం సంగతి. అది భయం. ఇందులో వింతేమీ లేదు. గార్మెంట్స్ "రక్ష" అని వీళ్లు చిన్నప్పటి నుంచి వింటారు. చర్చి ఇప్పుడు ముఖ్యంగా ఆధ్యాత్మిక రక్షణ గురించే మాట్లాడుతుంది, కానీ ఇళ్లలో చెప్పుకునే కథలు అలా ఉండవు. 1844లో కార్తేజ్ జైలు మీద గుంపు దాడి చేసి జోసెఫ్ స్మిత్‌నూ ఆయన అన్ననూ చంపినప్పుడు, అక్కడే ఉన్న విల్లర్డ్ రిచర్డ్స్ గార్మెంట్స్ వేసుకుని ఉన్నాడు కాబట్టే ప్రాణాలతో బయటపడ్డాడని తరతరాలుగా చెప్పుకుంటారు. 1996లో మారియట్ హోటళ్ల అధినేత బిల్ మారియట్ జాతీయ టీవీలోనే చెప్పారు, పడవలో మంటలు అంటుకుని ప్యాంటు కాలిపోయినా లోపలి గార్మెంట్స్ కాలలేదని. ఇలాంటివి అన్నం తింటూ విన్న పిల్లాడు నలభై ఏళ్లకు "అవన్నీ కట్టుకథలు" అని నిర్ణయించుకోవచ్చు. విమానం కుదుపుల్లో ఉన్నప్పుడు ఆ నిర్ణయం గుర్తుండదు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఇంజినీరు మంచు పడే రోజుల్లో మాత్రమే వేసుకునేవాడు. ఇంటి నుంచి ఆఫీసుకు కొండ దారిలో డ్రైవింగ్ మరి. "నేను లెక్కలు తెలిసిన మనిషిని, సిగ్గుగా ఉంది" అన్నాడు. నేను అన్నాను, మా ఊళ్లో కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం, ఆ కారు కొన్నవాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరే అయి ఉంటాడు అని. బాగా నవ్వాడు. రెండో శీతాకాలానికి మానేశాడు. ఎవరూ మానమనలేదు. ఒకరోజు తొందరలో మర్చిపోయి బయల్దేరాడట, ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదట.

అన్నిటికీ ఇంత లోతైన కారణాలు ఉంటాయనీ అనుకోకండి. ఒకాయన కింది గార్మెంట్ మానలేకపోతున్నానని వచ్చాడు. అపరాధ భావమా, తల్లి మీద బెంగా అని నాలుగు సెషన్లు తవ్వాం. చివరికి తేలిందేంటంటే, మామూలు పొట్టి లోదుస్తులు వేసుకుంటే నడిచేటప్పుడు తొడలు ఒరుసుకుని మంట. ఇరవై ఏళ్లు మోకాలిదాకా గుడ్డ ఉన్న మనిషికి ఆ సంగతే తెలియదు. పొడుగు బాక్సర్లు కొనుక్కోమన్నాను. సమస్య తీరింది. నా ఫీజు గురించి ఆయన ఏమనుకున్నాడో అడగలేదు.

ఒంటి విషయం మాత్రం తేలిగ్గా తీసేయలేం. మొదటిసారి మానినవాళ్లు దాదాపు అందరూ చెప్పే మాట "బట్టల్లేకుండా బయటికొచ్చినట్టు ఉంది" అని. ప్యాంటు గుడ్డ నేరుగా తొడలకు తగలడం, చొక్కాలోంచి గాలి తగలడం, అన్నీ కొత్తే. కొందరికి హాయి, కొందరికి టెన్షన్. చాలామందికి ఒకే రోజులో రెండూ.

ఆడవాళ్ల సంగతి ఇంకా గడ్డు. మీరు మీవారి గురించి అడిగారు, కానీ ఆయన అక్కచెల్లెళ్లు కూడా వదిలేశారని రాశారు కాబట్టి ఇది చెప్పాలి. బ్రా కూడా గార్మెంట్ పైనే వేసుకోవాలని చాలామంది ఆడవాళ్లకు నేర్పారు. నెలసరి రోజుల్లో, బాలింతగా పాలిచ్చే రోజుల్లో, ఎండాకాలంలో ఆ పొరలన్నీ భరించారు. ఒంటి మీద దద్దుర్లు, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు అని 2021 ప్రాంతంలో ఆడవాళ్లు సోషల్ మీడియాలో పేరు పెట్టి మరీ బయటికి చెప్పడం మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చిన ముప్పై ఆరేళ్ల ఆవిడ, ముగ్గురు పిల్లల తల్లి, మొదటిసారి లోదుస్తులు కొనడానికి దుకాణానికి వెళ్లి వరుసల మధ్య నిలబడిపోయింది. తన సైజు తెలియదు. ఏ రంగు ఇష్టమో తెలియదు. ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడగలేదు కదా. అరగంట నిలబడి, ఏమీ కొనకుండా కారులోకి వచ్చి ఏడ్చింది. రెండోసారి చెల్లెల్ని వెంట తీసుకెళ్లి పసుపు రంగువి కొనుక్కుంది.

ఇప్పుడు ఆ చేతుల్లేని బట్ట దగ్గరికి వస్తాను. 2024లో ఆ ప్రకటన వచ్చిన వారం నా ఫోన్ మోగుతూనే ఉంది. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది ఎప్పుడో వదిలేసినవాళ్లే. వాళ్లకు సంతోషం కలగాలి కదా? కోపం వచ్చింది. ఒకావిడ పన్నెండేళ్ల వయసులో భుజాలు కనిపించే గౌను వేసుకుని చర్చి విందుకు వెళ్తే, వాకిట్లోనే ఆపి పైన స్వెటర్ కప్పారట. పెళ్లికి నచ్చిన గౌను వదులుకుని, చేతులు కుట్టించిన గౌను వేసుకుందట. "నా భుజాలు పాపం అన్నారు. ఇప్పుడు ఒక ప్రకటనతో పాపం కాకుండా పోయాయి. మరి నేను దాచుకున్న ముప్పై ఏళ్లు ఎవరి లెక్కలో వేసుకోవాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చర్చిలో ఉన్నవాళ్లలో మాత్రం చాలామంది ఆ మార్పుకు నిజంగా సంతోషించారు. వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు, గార్మెంట్స్ అంటే వాళ్లకు ప్రాణం. ఒంటికి ఆనుకుని ఉన్న ప్రార్థన లాంటిది అంటారు. ఆ మాట నేను నమ్ముతాను. అదే బట్ట ఒకరికి ఊరట, ఇంకొకరికి ఉరి. ఒకే ఇంట్లో కూడా.

ఒకే ఇంట్లో అంటే గుర్తొచ్చింది. భర్త వదిలేసి, భార్య నమ్మకంలో ఉన్న ఒక జంట. అతను నెలల తరబడి తన అనుమానాల గురించి ఆమెతో మాట్లాడాడు, ఆమె ఓపిగ్గా విన్నది. ఒక రాత్రి మామూలు టీ షర్టుతో పడుకోవడానికి వచ్చాడు. ఆమె లేచి పక్కగదిలోకి వెళ్లిపోయింది. మాటలన్నీ తట్టుకున్న మనిషి ఆ టీ షర్టును తట్టుకోలేకపోయింది. ఆమె దృష్టిలో అది పెళ్లినాటి ప్రమాణం విప్పేయడం. మనవైపు ఒక భార్య పొద్దున్నే మంగళసూత్రం తీసి అల్మారాలో పెట్టి, ఏమీ జరగనట్టు కాఫీ కలుపుతుంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించండి. మీ ఇద్దరి మధ్య ఆ గొడవ లేదు, అది మీ అదృష్టం.

అయితే మీ ఇంటికి అత్తగారు వస్తారు. యూటాలో గార్మెంట్స్ వేసుకున్నారో లేదో జనం చూడగానే పట్టేస్తారు. తెల్ల చొక్కా లోంచి మెడ కింద వంపు తిరిగిన గీత కనిపిస్తుంది, దాన్ని "సెలెస్టియల్ స్మైల్" అని సరదాగా అంటారు. సెలెస్టియల్ అంటే వీళ్ల లెక్కలో అన్నిటికన్నా పై స్వర్గం. ఆప్యాయంగా కౌగిలించుకున్నట్టే ఉంటుంది, అరచెయ్యి మాత్రం భుజం మీద అంచు కోసం వెతుకుతుంది. తల్లుల చేతులకు ఇది బాగా అలవాటు. అమ్మానాన్నలు వచ్చిన వారం మాత్రమే గార్మెంట్స్ వేసుకునేవాళ్లు నాకు డజను మంది తెలుసు. అది మోసమా? కావచ్చు. మనం ఊరెళ్తే బొట్టు పెట్టుకోవడం, బీరు సంగతి దాచడం ఎంత మోసమో అంతే.

ఇదే వస్తువు ఊరు మారితే ఎలా మారిపోతుందో చెప్పడానికి ఒక చిన్న సంగతి. హైదరాబాద్, విశాఖపట్నం, రాజమండ్రిలలో ఈ చర్చి ఉంది, తెలుగువాళ్లే సభ్యులు. అక్కడ చేరి, విదేశంలోని టెంపుల్‌కి వెళ్లి ఎండోమెంట్ తీసుకుని, తర్వాత ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి మానేసిన ఒక తెలుగబ్బాయి స్నేహితుల ద్వారా పరిచయమయ్యాడు. మే నెల ఎండలో, సిటీ బస్సులో, చొక్కా కింద ఇంకో పొరతో ఉడికిపోయిన రోజులు చెప్పాడు. కానీ హైదరాబాద్‌లో ఆ గీతను గుర్తుపట్టేవాడు ఎవడు? అందరూ బనియన్ అనుకుంటారు. మానడం అతనికి చాలా తేలికైందట. ఇక్కడ పుట్టినవాళ్లకు ప్రతి చూపూ పరీక్షే.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరు అదే చేయబోతున్నారని భయం. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక అమ్మాయి వచ్చింది. ఆరు నెలలుగా నమ్మకం లేదు, గార్మెంట్స్ వేసుకుంటూనే ఉంది, వేసుకున్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం అంది. నేను తెలివిగా మాట్లాడుతున్నాననుకుని, "ఒక వారం మామూలువి వేసుకుని చూడండి, హోంవర్క్ అనుకోండి" అన్నాను. మళ్లీ రాలేదు. నెల తర్వాత మెయిల్ పెట్టింది: "బిషప్ వేసుకోమన్నాడు. మీరు వద్దన్నారు. నా లోపలి బట్టల గురించి ఏమీ చెప్పని మనిషి నాకు ఒక్కరైనా కావాలి."

ఇక్కడ బిషప్ అంటే జీతం తీసుకునే పురోహితుడు కాదని మీకు తెలుసు. పక్క వీధిలో ఉండే పళ్ల డాక్టరో, ఇన్సూరెన్స్ ఏజెంటో కొన్నేళ్లపాటు ఆ బాధ్యత చూస్తాడు. టెంపుల్‌లోకి వెళ్లే అనుమతి రెండేళ్లకోసారి కొత్తది చేసుకోవాలి. ఆ ఇంటర్వ్యూలో అడిగే వాటిలో గార్మెంట్స్ సంగతి కూడా ఒకటి. అంటే మీవారు పందొమ్మిదేళ్ల నుంచి తన లోదుస్తుల గురించి ఇంకొకరికి జవాబు చెప్పుకుంటూ వచ్చారు. ఇప్పుడు మీరు అడిగితే, ఎంత ప్రేమతో అడిగినా, ఆయన చెవికి అది ఆ కుర్చీలోంచి వచ్చిన ప్రశ్నలాగే వినిపిస్తుంది. చెత్తబుట్ట గొడవలో ఆయన అరిచింది మీ మీద కాదని నా అనుమానం.

అందుకే సారీ చెప్పమన్నాను. "నీవి నేను పారేయకుండా ఉండాల్సింది, ఇక ముట్టుకోను" అంటే చాలు. దానికి తోక తగిలించొద్దు, "కానీ నువ్వెందుకు ఇంకా..." అని మొదలుపెట్టొద్దు. తర్వాత ఎప్పుడైనా, గొడవ లేని రోజు, ఆయనే ఆ మాటెత్తితే, "ఎందుకు" అని కాకుండా "వేసుకుంటే ఎలా ఉంటుంది?" అని అడగండి. జవాబు "ఏమో, మెత్తగా ఉంటాయి" అయినా ఊరుకోండి. నిజంగానే మెత్తగా ఉంటాయి కూడా.

ఒక చిన్న లెక్క కూడా మీకు ఉపయోగపడుతుంది. సభ్యత్వం తీసేసుకున్నవాళ్లకు చర్చి దుకాణంలో కొత్త గార్మెంట్స్ అమ్మరు. ఉన్నవి అరిగిపోవాల్సిందే. చాలామంది విషయంలో కథ అలాగే ముగుస్తుంది. ఎలాస్టిక్ వదులైపోతుంది, మోకాలి దగ్గర చిరుగుతుంది, ఒకరోజు డ్రాయర్‌లో మూడు జతలు మిగులుతాయి. ఆ చివరి జతను కొందరు పెళ్లి ఫొటోల పక్కన పెట్టెలో దాచుకుంటారు. దాచుకుంటే దాచుకోనివ్వండి.

నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. వేసుకోని రోజు చెమటలు పట్టి నిద్ర పట్టకపోతే, పొద్దున్నే వేసుకుని తీసి మళ్లీ వేసుకోవడం పదేపదే జరుగుతుంటే, ఏదైనా చెడు జరిగితే "ఇవాళ వేసుకోలేదు, అందుకే" అని గంటల తరబడి కూర్చుంటే, అది అలవాటు దాటిపోయింది. మతపరమైన అపరాధ భావం ఓసీడీ (వద్దన్నా ఒకే ఆలోచన, ఒకే పని వెంటాడే మానసిక సమస్య) రూపం తీసుకోవడం ఇక్కడ మాకు తెలిసిన సమస్యే, దానికి మంచి చికిత్స ఉంది. ఓసీడీకి ప్రత్యేకంగా శిక్షణ పొందిన థెరపిస్టును వెతుక్కోవాలి, ఊరికే మాట్లాడించేవాళ్లు చాలరు. దద్దుర్లు, ఇన్‌ఫెక్షన్లు ఉంటే చర్మ డాక్టరుకు చూపించాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ నాకు కనిపించలేదు.

డ్రాయర్ గురించి రెండు జాగ్రత్తలు. ఆయన ఎప్పుడైనా వదిలించుకుందాం అంటే, పాత బట్టల దుకాణాలకు మాత్రం ఇవ్వకండి. ఈ రాష్ట్రంలో అక్కడ పనిచేసేవాళ్లూ, కొనడానికి వచ్చేవాళ్లూ వాటిని గుర్తుపట్టి బాధపడతారు. కోపంలో ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం కూడా వద్దు, ఆయన వదిన చూస్తుంది, ఆమె ద్వారా అమ్మ చూస్తుంది. గుర్తులు కత్తిరించాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. కత్తిరిస్తానంటే పక్కన కూర్చోండి, ఇంకో కత్తెర ఉంటే ఇస్తారేమో చూడండి. అడక్కుండా తీసుకోవద్దు.

ఉతకడం అడిగారు. మీ బట్టలతో కలిపి మెషీన్‌లో వేయొచ్చు, అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. తెల్లవి కాబట్టి మీ కొత్త చుడీదార్లతో మాత్రం వేయకండి, రంగు అంటితే ఈసారి తప్పు నిజంగా మీదే అవుతుంది. ఆరాక మడతపెట్టి మంచం మీద ఉంచండి. డ్రాయర్‌లో ఆయనే పెట్టుకుంటారు.